లారీకి బిగించిన కొత్త పరికరం పనిచేసిందా?

విజయవాడ ఆటోనగర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. లారీలకు బాడీలు కట్టేవాళ్ళు, కమాను కట్టలు సరిచేసేవాళ్ళు, డీజిల్ పంపులూ నాజిళ్ళూ సర్వీసు చేసేవాళ్ళు, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్ళు అందరూ అక్కడ ఒకేచోట ఉంటారు. అటువంటి చోట్లకు అప్పుడప్పుడు సంచీలో ఏదో కొత్త పరికరం పెట్టుకుని ఒకాయన వస్తాడు. అది డీజిల్ గొట్టానికి తగిలించే అయస్కాంతం కావచ్చు, గాలి ఎక్కువగా పీల్చే ఫిల్టరు కావచ్చు, నాలుగు వైర్లున్న చిన్న పెట్టె కావచ్చు.

“ఓనరుగారూ, ఇది బిగించి చూడండి. లీటరుకు పావు కిలోమీటరు ఎక్కువ రాకపోతే నన్నడగండి” అంటాడు.

లారీ ఓనరుకు ఆ పావు కిలోమీటరు చిన్న విషయం కాదు. లీటరుకు 4 కిలోమీటర్లు నడిచే లారీ ఏడాదికి 80,000 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. అది తాగే డీజిలు 20,000 లీటర్లు. లీటరు 95 రూపాయలని లెక్క వేస్తే పంతొమ్మిది లక్షల రూపాయలు! అందులో నూటికి మూడు రూపాయలు మిగిలినా ఏడాదికి 57,000. ఫైనాన్సు వాయిదాలు కట్టుకునే మనిషికి ఆశ కలగదా? పరికరం ఖరీదు 40,000 అన్నా అప్పు చేసి కొనేస్తాడు.

బిగించాక ఒక ట్రిప్పు తిరిగి వస్తాడు. డీజిల్ లెక్క చూస్తాడు. నిజంగానే మైలేజీ పెరిగి ఉంటుంది! “పనిచేసిందయ్యా!” అని పక్క లారీ ఓనరుకు చెబుతాడు. ఆయనా కొంటాడు.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అమ్మినవాడు కూడా తన సరుకును మనస్ఫూర్తిగా నమ్మేవాడే కావచ్చు. అయినా ఆ పరికరం పనిచేసినట్లు రుజువైందా అంటే, కాలేదు. ఎందుకు కాలేదో, రుజువు కావాలంటే ఏం చెయ్యాలో చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క

ఒక లీటరు డీజిలును మండిస్తే సుమారు 36 మెగాజౌళ్ళ ఉష్ణశక్తి వస్తుంది. మీ ఇంటి కరెంటు మీటరు భాషలో చెప్పాలంటే 10 యూనిట్లు. మంచి లారీ ఇంజను ఇందులో సుమారు 4 యూనిట్లను మాత్రమే చక్రాలు తిప్పే పనిగా మార్చగలదు. మిగిలినది వేడిగా పోతుంది: కొంత సైలెన్సరు గొట్టంలోంచి, కొంత రేడియేటరు ద్వారా, ఇంకొంత ఘర్షణ వల్ల.

“మా పరికరం డీజిలును పూర్తిగా మండిస్తుంది, అందుకే ఆదా” అని అమ్మేవాళ్ళు చెప్పే మాటను ఇప్పుడు పరీక్షించవచ్చు. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజనులో నూటికి 98 పాళ్ళకు పైగా ఇంధనం ఎలాగూ మండుతూనే ఉంది. లారీ వదిలే నల్లటి పొగ చూసి చాలా డీజిలు వృథాగా పోతోందని మనకు అనిపిస్తుంది. కాని ఆ మసి బరువు చాలా తక్కువ. రంగు మాత్రం ఎక్కువ. ఒక్క చుక్క సిరా బిందెడు నీళ్ళను రంగు మార్చేస్తుంది కదా, అలాగన్నమాట. మండకుండా మిగిలినది నూటికి రెండు పాళ్ళకన్న తక్కువైనప్పుడు, దాన్నంతా మండించినా నూటికి ముప్పై ఆదా ఎక్కడినుంచి వస్తుంది? ఏ పరికరం గురించి విన్నా మొదట ఈ ప్రశ్న వెయ్యాలి: అది ఆదా చేస్తానంటున్న శక్తి ఇప్పుడు ఎక్కడ పోతోంది? ఆ చోటు చూపించలేకపోతే పరీక్ష దాకా వెళ్ళనక్కర లేదు.

అయితే అన్ని పరికరాలూ బూటకం కాదు. నాలుగు వైర్ల పెట్టె సంగతి చూడండి. నేటి డీజిల్ ఇంజనులో ఎంత ఇంధనం చిమ్మాలో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంధన పీడనాన్ని కొలిచే సెన్సరు నుంచి దానికి సమాచారం అందుతుంది. కొన్ని పెట్టెలు మధ్యలో దూరి, పీడనం ఉన్నదానికన్న తక్కువగా ఉన్నట్లు కంప్యూటరుకు చూపిస్తాయి. “అయ్యో, తక్కువైందే!” అని అది పీడనం పెంచుతుంది. ఎక్కువ డీజిలు సిలిండరులోకి వెళ్తుంది, ఇంజను బలం నిజంగానే పెరుగుతుంది. కాని ఈ బలం ఊరికే రాలేదు, ఎక్కువ డీజిలు తాగి వచ్చింది. దానితోపాటు బయటకుపోయే వాయువుల వేడి పెరుగుతుంది, పొగ పెరుగుతుంది, టర్బో మీదా పిస్టన్ల మీదా భారం పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బి.ఎస్.-6 నిబంధనల ప్రకారం తయారైన లారీల్లో పొగను వడకట్టే ఏర్పాటు ఉంటుంది. అది తొందరగా మసితో పూడుకుపోతుంది. ఇదంతా అలా ఉంచి, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుకుంటుంది.

కాబట్టి “పనిచేస్తుందా?” అన్న ప్రశ్నలోనే రెండు ప్రశ్నలున్నాయి. బలం పెరిగిందా? డీజిలు తగ్గిందా? ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

బలం కొలిచే రోలర్లు

ఇంజను బలాన్ని డ్రైవరు నడుముతో, చెవితో కొలవకూడదు. సైలెన్సరు మార్చి చప్పుడు పెంచితే బండి వేగంగా పోతున్నట్లు అనిపిస్తుంది. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కగానే ముందుకు దూకేలా సర్దితే బలం పెరిగినట్లే తోస్తుంది. తీరా పూర్తిగా తొక్కి చూస్తే బలం ఎంత ఉండేదో అంతే ఉంటుంది.

ఇంజను బలాన్ని కొలవడానికి 1821లోనే ఫ్రాన్సు దేశపు ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ ఒక ఉపాయం కనిపెట్టాడు. తిరిగే ఇరుసును రెండు చెక్కల మధ్య బిగించి, ఆ చెక్కలకు పొడుగాటి చేయి తగిలించి, చేయి చివర తూకం పెట్టాడు. ఇరుసు ఎంత బలంగా చేతిని తిప్పబోతోందో తూకం చెబుతుంది. ఆ త్రిప్పుడు బలాన్నీ, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఆ సంఖ్యనూ తీసుకుంటే సామర్థ్యం లెక్క కట్టవచ్చు. నేడు డైనమోమీటరు అనే యంత్రం ఇదే పని చేస్తుంది. పుణెలో 1966లో ఏర్పడిన భారత ఆటోమోటివ్ పరిశోధన సంఘం వంటి చోట్ల పెద్ద డైనమోమీటర్లున్నాయి. అమెరికాలో పికప్ బండ్లను కూడా ట్రక్కులే అంటారు. అక్కడ వాటికి కొత్త సామాన్లు బిగించుకోవడం చాలామందికి సరదా కనుక మామూలు వర్క్‌షాపుల్లో కూడా డైనమోమీటర్లు ఉంటాయి. బండి వెనుక చక్రాలను రోలర్ల మీద నిలబెట్టి, పట్టాలతో నేలకు కట్టేసి, ఇంజనును పూర్తి బలంతో పరుగెత్తిస్తారు. బండి కదలదు, రోలర్లు తిరుగుతాయి.

ఇంత మంచి యంత్రం ఉన్నప్పుడు ఇక మోసపోవడానికి వీలేముంది అనుకుంటారేమో! ఉంది. ఉదయం 15 డిగ్రీల చలిలో ఒకసారి, మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఒకసారి కొలిచామనుకోండి. గాలి వేడెక్కితే వ్యాకోచించి పలచబడుతుందని మీరు చదువుకున్నారు. పీడనం ఒకటే అయితే సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమ అనుపాతంలో ఉంటుంది. 15 డిగ్రీలంటే 288 కెల్విన్లు, 40 డిగ్రీలంటే 313 కెల్విన్లు. 288ని 313తో భాగిస్తే 0.92. అంటే మధ్యాహ్నం అదే పరిమాణం గల గాలిలో ఆక్సిజను నూటికి 8 పాళ్ళు తక్కువ. టర్బో లేని పెట్రోలు ఇంజనుకు ఇది పెద్ద తేడా. పాత ఫిల్టరుతో మధ్యాహ్నం, కొత్త ఫిల్టరుతో మర్నాడు తెల్లవారుజామున కొలిచిన మనిషి ఫిల్టరును కొలిచినట్లా, సూర్యుణ్ణి కొలిచినట్లా?

ఈ ఇబ్బంది తీర్చడానికి సవరణ సూత్రాలున్నాయి. ఏ రోజు కొలిచినా 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 990 మిల్లీబార్ల పొడిగాలి పీడనం ఉంటే ఎంత బలం వచ్చేదో లెక్కించి చెబుతారు. మంచిదే. కాని ఈ సవరణలో కూడా ఒక చిక్కుంది. టర్బో ఉన్న ఇంజను బయటి గాలి పలచబడితే టర్బోను ఇంకాస్త ఎక్కువ తిప్పుకుని లోటు చాలావరకు తానే పూడ్చుకుంటుంది. దానికి టర్బో లేని ఇంజను సూత్రం వాడితే, పోని బలాన్ని పోయిందనుకుని కలిపేస్తాం. కాగితం మీద గుర్రాలు పుట్టుకొస్తాయి!

ఇంజను వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మొదటిసారి పరుగెత్తించినప్పుడు గేరుపెట్టెలోని నూనె చల్లగా, చిక్కగా ఉంటుంది. నాలుగోసారికి వేడెక్కి పలచబడుతుంది, ఘర్షణ తగ్గుతుంది. ఇంకా పరుగెత్తిస్తే బానెటు కింద గాలి కాగిపోయి బలం తగ్గుతుంది. కనుక ఇంజను నూనె, నీళ్ళు ప్రతిసారీ ఒకే వేడికి వచ్చాకే మొదలుపెట్టాలి. చక్రాల్లో గాలి, కట్టిన పట్టాల బిగువు, ఎదురుగా పెట్టిన ఫ్యాను, బానెటు తెరిచారా మూశారా, అన్నీ ఒకేలా ఉండాలి. ఒక్కొక్క స్థితిలో కనీసం మూడు సార్లు కొలవాలి. ఏమీ మార్చకుండా మూడుసార్లు కొలిస్తే 180, 183, 181 హార్స్ పవర్ వచ్చిందనుకోండి. అప్పుడు కొత్త సామానుతో 183 వచ్చిందని గొప్ప చెప్పుకోవడం కుదరదు, ఎందుకంటే ఏ సామానూ లేకుండానే ఆ సంఖ్య ఒకసారి వచ్చింది.

ప్రకటనల్లో అచ్చువేసే గ్రాఫులు చూసేటప్పుడు నిలువు అక్షం ఎక్కడ మొదలైందో చూడండి. సున్న నుంచి కాక 175 నుంచి గీస్తే 180కీ 183కీ మధ్య కొండంత తేడా కనబడుతుంది. గ్రాఫు కాగితం మీద మీరే గీసి చూడవచ్చు.

ట్యాంకులో ఒక్క సెంటీమీటరు

ఇక డీజిలు లెక్క. ఇది బలం లెక్కకన్న కష్టమైనది, లారీ ఓనరుకు కావలసింది కూడా ఇదే.

మామూలుగా అందరూ చేసే పద్ధతి ఏమిటంటే, ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి వచ్చాక మళ్ళీ నిండా కొట్టించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడడం. ట్యాంకు పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, లోతు 45 అనుకోండి. పై ఉపరితలం 7,200 చదరపు సెంటీమీటర్లు. మట్టం ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 7,200 ఘన సెంటీమీటర్లు, అంటే 7.2 లీటర్లు తేడా! బంకులో నేల కొంచెం వాలుగా ఉన్నా, నురగ అణగకముందే ఆపేసినా సెంటీమీటరు తేడా రావడం ఎంతసేపు? 250 లీటర్లు తాగిన ట్రిప్పులో అది నూటికి దాదాపు మూడు పాళ్ళు. మన పరికరం చూపిస్తానన్న లాభమంతా ఈ ఒక్క సెంటీమీటరులో దాక్కోగలదు.

అదీ కాక డీజిలు కూడా వేడికి వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీలు వేడెక్కితే 100 లీటర్లు సుమారు 101.2 లీటర్లవుతాయి. శక్తి ఏమీ పెరగలేదు, చోటు మాత్రం ఎక్కువ పట్టింది. అందుకే సరైన పరీక్షలో డీజిలును లీటర్లలో కొలవరు, తూస్తారు. పరీక్ష కోసం చిన్న ట్యాంకు ఒకటి విడిగా తగిలించి, బయలుదేరేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కాటా మీద పెడతారు. బరువు వేడికి మారదు.

సరే, కొలత బాగుపడింది. కాని రోడ్డు? ఒకరోజు ఎదురుగాలి, ఒకరోజు వర్షం, ఒకరోజు రైల్వే గేటు దగ్గర అరగంట నిరీక్షణ. వేగం సంగతి మరీ ముఖ్యం. లారీని వెనక్కు నెట్టే గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగాన్ని 80 చేస్తే ఆ నిరోధం 1.78 రెట్లవుతుంది. ఇన్ని మారుతుంటే ఒక్క పరికరం ప్రభావాన్ని విడదీయడం ఎలా?

దీనికి ఇంజనీర్లు పట్టిన ఉపాయం చాలా సులువైనది: రెండు లారీలు తీసుకోవడం. ఒకే రకం లారీలు, ఒకే బరువు లోడు. మొదటిది పరీక్ష లారీ. రెండవది తోడు లారీ. దానికి ఎప్పుడూ ఏమీ బిగించరు. రెండూ కొద్ది నిమిషాల తేడాతో బయలుదేరి, ఒకే దారిన, ఒకే వేగంతో వెళ్ళి వస్తాయి. గాలి వీస్తే రెండింటికీ వీస్తుంది, వాన కురిస్తే రెండింటిమీదా కురుస్తుంది. తరువాత పరీక్ష లారీ తాగిన డీజిలును తోడు లారీ తాగిన డీజిలుతో భాగిస్తారు. వాతావరణం వల్ల వచ్చిన తేడా ఆ భాగహారంలో చాలావరకు కొట్టుకుపోతుంది. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1980లలో ప్రమాణంగా ప్రకటించిన జె1321 అనే పద్ధతికి మూలం ఇదే. కనీసం మూడు పరుగుల నిష్పత్తులు ఒకదానికొకటి 2 శాతం లోపల రావాలని అప్పట్లో నియమం పెట్టారు. రాకపోతే మళ్ళీ నడపవలసిందే.

ఒక ఉదాహరణ చేద్దాం. సంఖ్యలు నేను కల్పించినవి, కాని లెక్క నిజమైన పరీక్షలో జరిగేటట్లే ఉంటుంది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళి వస్తే సుమారు 120 కిలోమీటర్లు. మొదట ఏ పరికరమూ లేకుండా మూడు పరుగులు తీశారు. పరీక్ష లారీ 25.2, 24.8, 25.0 కిలోల డీజిలు తాగింది. తోడు లారీ 24.6, 24.3, 24.4 కిలోలు తాగింది. నిష్పత్తులు 1.024, 1.021, 1.025, సగటు 1.023.

తరువాత పరీక్ష లారీకి పరికరం బిగించి మళ్ళీ మూడు పరుగులు తీశారు. ఈసారి అది 24.2, 24.4, 24.0 కిలోలే తాగింది. మొత్తం 75 కిలోల నుంచి 72.6కు తగ్గింది. నూటికి 3.2 ఆదా! ఓనరు ఇక్కడే ఆగిపోయి ఉంటే సంతోషంగా 40,000 చెల్లించేవాడు. కాని తోడు లారీ లెక్క కూడా చూడండి: 23.9, 24.0, 23.6. అది కూడా 73.3 నుంచి 71.5 కిలోలకు తగ్గింది. ఏమీ బిగించకుండానే నూటికి దాదాపు రెండున్నర ఆదా! ఆ రోజు గాలి అనుకూలించింది, అంతే. నిష్పత్తులు ఇప్పుడు 1.013, 1.017, 1.017, సగటు 1.015. అంటే 3.2లో మిగిలింది 0.8 శాతం మాత్రమే.

“0.8 అయినా లాభమే కదా, మాస్టారూ!” అని మీలో ఎవరో అనే ఉంటారు. తొందరపడకండి, పరీక్ష ఇంకా పూర్తికాలేదు. ఇప్పుడు పరికరం తీసేసి మూడోసారి నడపాలి. చాలామంది ఎగవేసే మెట్టు ఇదే. బిగించిన వస్తువు పనిచేస్తున్నట్లు ఉంటే తీసి చూడడానికి మనసొప్పదు. మన ఉదాహరణలో తీసేశాక పరీక్ష లారీ 24.9, 24.6, 24.7, తోడు లారీ 24.5, 24.2, 24.3 కిలోలు తాగాయి. నిష్పత్తి సగటు 1.016. పరికరం నిజంగా ఆదా చేసి ఉంటే, తీసేయగానే నిష్పత్తి మళ్ళీ 1.023కు పెరగాలి. పెరగలేదు! పరికరం ఉన్నా 1.015, లేకున్నా 1.016. కనుక ఆ 0.8 శాతంలో దాదాపు అంతా ఇంకెక్కడినుంచో వచ్చింది. బహుశా పరీక్ష లారీకి మొదట్లో ఒక చక్రం బ్రేకు కొద్దిగా పట్టేస్తూ ఉండి తరువాత సర్దుకుని ఉండవచ్చు. కొత్తగా వేసిన టైర్లు నలిగి ఉండవచ్చు. ఏడాదికి 20,000 లీటర్ల మీద 3.2 శాతమంటే 640 లీటర్లు, 60,800 రూపాయలు. మిగిలిన 0.1 శాతమంటే 20 లీటర్లు, 1,900 రూపాయలు. అదైనా నిజమో, కొలతలోని పొరపాటో చెప్పలేం.

పరీక్షకు ముందే చేసే పొరపాట్లు కూడా ఉన్నాయి. ఓనరు పరికరం బిగించే రోజున ఎలాగూ బండి వర్క్‌షాపులో ఉంది కదా అని ఇంజను ఆయిలు మార్పిస్తాడు, ఫిల్టరు మార్పిస్తాడు, టైర్లలో గాలి కొట్టిస్తాడు. నాలుగు మందులు ఒకేసారి మింగితే జ్వరం దేనికి తగ్గిందో వైద్యుడికి కూడా తెలియదు. కొత్తరకం ఫిల్టరును పరీక్షించాలంటే దుమ్ముపట్టిన పాత ఫిల్టరుతో పోల్చకూడదు, కంపెనీవారి కొత్త ఫిల్టరుతోనే పోల్చాలి. ఈ ఫిల్టరు సంగతిలో ఒక వింత ఉంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో నేటి పెట్రోలు కార్ల మీద చేసిన పరీక్షల్లో, ఫిల్టరును బాగా మూసివేసినా మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వేగం అందుకోవడం మాత్రం మందగించింది. గాలి తగ్గితే కంప్యూటరు ఇంధనాన్ని కూడా ఆ మేరకే తగ్గిస్తుంది మరి. కార్బురేటరు ఉన్న పాత బండ్లలో అలా కాదు, అక్కడ మైలేజీ పడిపోతుంది. కనుక తాతల నాటి అనుభవాన్ని నేటి ఇంజనుకు అంటగట్టే ముందు ఆలోచించాలి.

గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు దుమ్మును కూడా ఎక్కువ వదులుతోందేమో చూడాలి. దుమ్ములోని ఇసుక రేణువు ఇంజనులోని ఇనుముకన్న గట్టిది. సిలిండరు గోడలను అది గీకేస్తుంది. దీన్ని పరీక్షించడానికి ఫిల్టరులోకి తూచిన దుమ్మును వదిలి, దాని వెనుక ఇంకొక బహు సన్నని ఫిల్టరు పెట్టి, తప్పించుకు వచ్చిన దుమ్మును తూస్తారు. ఈ పరీక్ష చేయించని ఫిల్టరును మన వేసవి రోడ్ల మీద నడిచే లారీకి పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

డ్రైవరుకు చెప్పవద్దు

ఇంకొక ముఖ్యమైన సంగతి మిగిలింది. “ఈ రోజు కొత్త పరికరం పెట్టాం, మైలేజీ చూడాలి” అని ఓనరు చెప్పగానే డ్రైవరు ఏం చేస్తాడు? తెలిసో తెలియకో మెత్తగా నడుపుతాడు. దూరం నుంచే యాక్సిలరేటరు వదిలి బ్రేకు తక్కువ వాడతాడు. హోటలు దగ్గర ఇంజను ఆపేస్తాడు. ఒకే లారీని ఇద్దరు డ్రైవర్లు నడిపితే వచ్చే తేడా చాలా పరికరాలు ఇస్తామనే లాభంకన్న ఎక్కువ. అందుచేత డ్రైవరుకు చెప్పకపోవడం మేలు. వీలైతే రెండు లారీలకూ ఒకే ఆకారపు పెట్టెలు బిగించాలి. ఒకదానిలో పరికరం, ఇంకొకదానిలో ఏమీ ఉండదు. ఏది ఎందులో ఉందో డ్రైవర్లకూ తెలియకూడదు, కాటా చూసేవాడికీ తెలియకూడదు.

ఈ ఉపాయం లారీలు పుట్టకముందే వచ్చింది. పారిస్ నగరంలో మెస్మర్ అనే వైద్యుడు మనుషుల్లో ప్రవహించే ఒక అయస్కాంత శక్తితో రోగాలు కుదురుస్తానని ప్రచారం చేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు దీన్ని పరీక్షించడానికి ఒక సంఘాన్ని వేశాడు. ఆక్సిజను ప్రయోగాల వల్ల మీకు తెలిసిన లవోయిజర్, గాలిపటంతో మెరుపును పరీక్షించిన ఫ్రాంక్లిన్ అందులో సభ్యులు. మెస్మర్ శిష్యుడొకడు ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు ఆ శక్తి ఎక్కించానన్నాడు. ఒక పన్నెండేళ్ళ కుర్రవాణ్ణి కళ్ళకు గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరకు తీసుకువెళ్ళారు. నాలుగో చెట్టు దగ్గర వాడు మూర్ఛపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు! డీజిల్ గొట్టానికి అయస్కాంతం తగిలించుకున్న లారీని చూసినప్పుడల్లా నాకు ఆ కుర్రవాడు గుర్తుకు వస్తాడు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అయస్కాంతాలతో సహా నూరుకు పైగా ఇంధన ఆదా పరికరాలను పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగినంత పెంచినది ఒక్కటీ కనబడలేదు.

మరి ఇంతమంది ఓనర్లు లాభం వచ్చిందని ఎందుకంటారు? దానికి ఇంకొక కారణముంది. పరికరం ఎప్పుడు కొంటారో ఆలోచించండి. మైలేజీ బాగున్నప్పుడు ఎవరూ కొనరు. వరుసగా రెండు ట్రిప్పులు దెబ్బతిన్నాక కొంటారు. ఘోరంగా ఉన్న ట్రిప్పు తరువాత వచ్చేది, ఏమీ చెయ్యకపోయినా, మామూలు స్థాయికి దగ్గరగా ఉండే అవకాశమే ఎక్కువ. ఒక స్లిప్ టెస్టులో బాగా తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికి తాయెత్తు కడితే తరువాతి టెస్టులో మార్కులు పెరగడం కూడా ఇలాంటిదే.

మీకు లారీ లేకపోయినా ఈ పద్ధతిని సైకిలుతో చేసి చూడవచ్చు. వాహనాలు తిరగని చిన్న వాలు ఒకటి చూసుకోండి. పైన సుద్దముక్కతో గీత గీసి, అక్కడినుంచి తొక్కకుండా, నెట్టకుండా వదిలితే సైకిలు ఎంత దూరం పోయి ఆగుతుందో టేపుతో కొలవండి. టైరులో గాలి బాగా ఉన్నప్పుడు ఐదుసార్లు, కొంత తగ్గించి ఐదుసార్లు, మళ్ళీ నింపి ఐదుసార్లు. ఎక్కేవాడు ఒక్కడే ఉండాలి, చొక్కా గాలికి ఎగరకుండా దోపుకోవాలి. స్నేహితుడి సైకిలును తోడు సైకిలుగా పెట్టి, దాని టైర్ల జోలికి పోకుండా, ప్రతిసారీ దాన్ని కూడా వదలండి. కొలిచే స్నేహితుణ్ణి కింద ఉంచి, గాలి ఎప్పుడు తగ్గించారో అతనికి చెప్పకండి. పదిహేను జతల సంఖ్యలు వస్తాయి. వాటిలో ఒకటి రెండు మీరు అనుకున్నదానికి వ్యతిరేకంగా ఉంటే కొట్టివేయకుండా అలాగే రాసి ఉంచి, నిష్పత్తులు కట్టండి.